పడినచోటే పలకరించే కృప

భగవంతుని సన్నిధిలో మానవుడు సుఖంలో అడిగే ప్రశ్నలు వేరు, దుఃఖంలో అడిగే ప్రశ్నలు వేరు. చాలా ఏళ్ల కిందట, చేతికందివచ్చిన కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి గర్భాలయం ఎదుట నిలిచి ‘అయ్యగారూ! ఏం పాపం చేశానని నాకీ శిక్ష?’ అని అడిగింది. శాస్త్రం చదువుకున్నవాణ్ని గదా, ‘పూర్వజన్మ కర్మ తల్లీ’ అని తడుముకోకుండా చెప్పి, తీర్థమిచ్చి పంపాను. ఆమె మళ్లీ మా ఆలయం మెట్లెక్కలేదు. నేను చెప్పినది శాస్త్రవిరుద్ధం కాకపోవచ్చు. కానీ ఆ క్షణాన ఆమె చెవికి అది ‘దేవుడు నిన్ను విడిచిపెట్టాడు’ అన్న తీర్పులా వినిపించింది.

ఆ వెలితి నన్ను ఎంతోకాలం వెంటాడింది. ఇదే ప్రశ్నను ఇతర మతాల భక్తులు ఎలా ఎదుర్కొన్నారో తెలుసుకోవాలని క్రైస్తవుల గ్రంథాలు, వారి భక్తుల చరిత్రలు చదివాను. ఆ సంప్రదాయంలో ‘కృప’ అన్న మాటకు ప్రధానమైన స్థానముంది. అది యోగ్యతకు లభించే ప్రతిఫలం కాదు. యోగ్యత లేనివాని పట్ల భగవంతుడు తనంత తానుగా చూపే దయ. ఆ దయను వారు తమ విజయాల్లో కంటే పరాజయాల్లోనే స్పష్టంగా గుర్తించారు.

వారి సువార్తల్లో పేతురు వృత్తాంతం ఇందుకు మొదటి దృష్టాంతం. అతడు యేసు ముఖ్య శిష్యుడు. ‘అందరూ నిన్ను విడిచిపోయినా నేను విడువను’ అని గురువు ఎదుట ప్రతిజ్ఞ చేసినవాడు. గురువును బంధించి తీసుకుపోయిన రాత్రి, ప్రధాన యాజకుని వాకిట్లో చలి కాచుకుంటూ ఉండగా ఒక దాసి ‘నీవూ అతని వెంట ఉన్నవాడివే కదా’ అన్నది. ప్రాణభయంతో పేతురు ‘ఆయన ఎవరో నాకు తెలియదు’ అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంతలో కోడి కూసింది. గురువు ముందుగానే చెప్పిన మాట గుర్తుకు వచ్చి, వెలుపలికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు.

కథ అక్కడితో ముగిసిపోలేదు. యేసు పునరుత్థానుడైన పిమ్మట గలిలయ సరస్సు ఒడ్డున మళ్లీ ఒక నిప్పుల సెగ దగ్గర అతణ్ని కలుసుకున్నాడని యోహాను సువార్త చెబుతున్నది. ‘ఎందుకు బొంకావు?’ అని నిలదీయలేదు. ‘నన్ను ప్రేమిస్తున్నావా?’ అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ తన మందను కాచే బాధ్యత అప్పగించాడు. ఎన్నిసార్లు జారాడో అన్నిసార్లు లేవనెత్తాడన్నమాట. తన బలాన్ని నమ్ముకున్న నాటి పేతురు కంటే, తన బలహీనతను ఎరిగిన పేతురే మందను కాయడానికి తగినవాడయ్యాడు.

పురాతన కాలపు శిష్యుని సంగతి అలా ఉంచి, పద్దెనిమిదో శతాబ్దానికి వద్దాం. 1725లో లండన్‌లో పుట్టిన జాన్ న్యూటన్ నావికుడు. ఆఫ్రికా తీరంలో ఒక బానిస వ్యాపారి కొలువులో ఉండి, ఆకలికీ అవమానానికీ గురై, తానే దాదాపు బానిసలా బతికాడు. 1748 మార్చిలో తిరుగు ప్రయాణంలో ఓడ పెనుతుపానులో చిక్కుకుంది. ఆ రాత్రి దైవాన్ని మొరపెట్టుకున్నాడు, ప్రాణాలతో బయటపడ్డాడు.

సాధారణంగా భక్తుల కథలు ఇక్కడ మలుపు తిరిగి సుఖాంతమవుతాయి. న్యూటన్ జీవితం అలా సాగలేదు. ప్రార్థన నేర్చిన ఆ మనిషే ఆ తరువాత బానిసల ఓడలకు నాయకుడై, 1754 దాకా మనుషులను గొలుసులతో బంధించి సముద్రం దాటించాడు. చివరకు అతణ్ని నావిక వృత్తి నుంచి తప్పించినది పశ్చాత్తాపం కాదు, అనారోగ్యం. 1764లో ఓల్నీ అనే చిన్న ఊళ్లో చర్చి పూజారిగా చేరాడు. ‘అమేజింగ్ గ్రేస్’ అన్న ప్రఖ్యాత కీర్తన అక్కడ రాసినదే. 1773 నూతన సంవత్సర దినాన చేసిన ప్రబోధం కోసం దానిని రాశాడు. అయినా బానిస వ్యాపారంలో తన పాత్రను గురించి పుస్తకం ప్రచురించి, బహిరంగంగా తలవంచుకున్నది 1788లో. ఆ వృత్తిని విడిచిన ముప్పై నాలుగేళ్లకు! ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ బ్రిటన్ చట్టం చేసిన 1807లోనే ఆయన కన్నుమూశాడు.

కృప ఒక్క రాత్రిలో మనిషిని మార్చివేయదనడానికి ఇంతకంటే నిదర్శనం వేరే కావాలా? ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. న్యూటన్ చేసిన తప్పుకు వెల చెల్లించినది ఆయన కాదు, ఆ ఓడల్లో సంకెళ్లు మోసినవారు. వారి దుఃఖం ఆయన ఆత్మోన్నతికి మెట్టు అని ఎవరైనా అంటే అది అధర్మం. క్షమ లభించినవాడు తప్పును దాచిపెట్టరాదు, దానికి ఎదురునిలిచి సాక్ష్యం చెప్పాలి. ఆలస్యంగానైనా న్యూటన్ చేసిన పని అదే.

ఓల్నీలో న్యూటన్‌కు పొరుగున విలియం కూపర్ అనే కవి ఉండేవాడు. ఇద్దరూ కలిసి రచించిన కీర్తనల సంపుటం 1779లో వెలువడింది. ఆ కూపర్‌ను జీవితమంతా తీవ్రమైన మనోవ్యాధి బాధించింది. 1773 జనవరిలో, ఆ కీర్తన వెలువడిన నెలలోనే, ఆ వ్యాధి అతణ్ని మళ్లీ కమ్ముకుంది. దేవుడు తనను శాశ్వతంగా తిరస్కరించాడన్న భావన అతని మనసులో పాతుకుపోయింది. 1800లో మరణించేదాకా అది పూర్తిగా తొలగలేదు. ఎందరికో ఆశ్వాసమిచ్చిన కీర్తనలు రచించిన చేతికే ఆశ్వాసం చిక్కలేదు!

అయితే కృప అతని పట్ల విఫలమైందా? కాలేదనే నా అభిప్రాయం. ఆ గడ్డుకాలంలో న్యూటన్ అతణ్ని తన ఇంట ఏడాదికి పైగా ఉంచుకొని కనిపెట్టుకున్నాడు. ‘నీ విశ్వాసం చాలదు’ అని మందలించలేదు. కూపర్ వ్యాధి నయం కాలేదు, కానీ అతడు ఒంటరివాడు కాలేదు. తాను పొందిన దయను న్యూటన్ పొరుగువానికి పంచాడు. భగవంతుని కరుణ అన్నిసార్లూ అద్భుతంగానే దిగిరాదు. ఒక్కోసారి పక్కన కూర్చున్న మనిషి రూపంలో వస్తుంది.

పాఠక మహాశయులారా! కష్టం వచ్చినంత మాత్రాన దైవం విముఖుడైనట్టు కాదు. సుఖం కలిగినంత మాత్రాన ప్రసన్నుడైనట్టూ కాదు. మీరే తప్పు చేసి కుంగిపోయి ఉంటే, సిగ్గుతో సన్నిధికి దూరం కాకండి. పేతురుకు పోయిన చోటే మళ్లీ దొరికింది. మీ ఇంటి పక్కన ఎవరైనా దుఃఖంలో ఉంటే, వారి పాపపుణ్యాల లెక్క అడగకండి. మనసు మరీ చీకటైన వారిని వైద్యుని దగ్గరకు తోడ్కొనిపోవడం కూడా భగవత్సేవే.

ఆ తల్లి ఈనాడు మళ్లీ వచ్చి అదే ప్రశ్న అడిగితే నేను కర్మ సిద్ధాంతం చెప్పను. ‘నాకు తెలియదమ్మా, కాసేపు ఇక్కడే కూర్చో’ అని చెప్పి, ఆమెతోపాటు మండపంలో కూర్చుంటాను. ఆ మాట నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదనే ఈ నాలుగు మాటలు.