విరాళమిచ్చిన మరునాడు

2024 సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము కాలనీలను ముంచివేయగా, కేసముద్రము చెంత రైలుకట్ట కొట్టుకొనిపోయి మా బోనకల్లు మీదుగా సాగు కాజీపేట–విజయవాడ మార్గమున బండ్లు నిలిచిపోయిన ఆ దినములలో, బాధితులను ఆదుకొనవలెనను తలంపునకు ఈ జిల్లా ప్రజలలో లోటు కలుగలేదు. దగ్గరనున్నవారు అన్నపు పొట్లములు, దుప్పట్లు చేతబట్టుకొని స్వయముగా పోగలరు. హైదరాబాదునను, డల్లాసునను కొలువులు చేయుచు, ఊరి వార్తలను ఫోనులో చూచి కలతపడువారికి మాత్రము విరాళముల వెబ్‌సైటే దిక్కు. భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగుల కెక్కిన 2022 జూలైకి రెండేండ్లు గడచినవో లేదో మున్నేరు ముంచినది. మరల వరద వచ్చిననాడు వెబ్‌సైటును చక్కదిద్దుకొనుటకు ఎవరికిని వ్యవధి యుండదు గనుక, ఆ విచారణ నేడే చేయదగినది.

ధర్మసంస్థలవారు తమ వెబ్‌సైటును పునర్నిర్మింపబూనినప్పుడు సామాన్యముగా ముఖపుటతో మొదలిడుదురు: కన్నీరు నిండిన పసివాని చిత్రము మఱింత పెద్దదగును, విరాళపు బటను ఎఱ్ఱబాఱును, అక్షరములు కదలాడును. నా యభిప్రాయమున పని మొదలుకావలసినది తుదిపుటనుండి, అనగా సొమ్ము ఖాతానుండి వెడలిన పిమ్మట దాత కంటబడు పుటనుండి. రసీదు వెంటనే వచ్చునా, వచ్చినచో అతడు చదువగల భాషలో నుండునా, నెల గడచిన పిదప ఆ సొమ్ము ఏ ఊర, ఏ పనికి వినియోగమైనదో తెలుపు సమాచారమేదైన వచ్చునా యను ప్రశ్నలకు సమాధానము దొరకిన తరువాతనే బటను రంగును గూర్చి యోచింపవచ్చును.

దానమునకు లెక్క వ్రాసియుంచుట మన నేలకు క్రొత్త కాదు. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెఱువు త్రవ్వించి శాసనము వేయించినది. ఆ కాలపు దానశాసనములను పరికించినచో, ఇచ్చినవారెవరు, ఎవరి పుణ్యమునకై యిచ్చిరి, భూమికి ఎల్లలేవి, ఆ ధర్మమును హరించువానికి పట్టు గతి యేమి యను విషయములు రాతిమీద విస్పష్టముగా చెక్కబడియుండును. మన పొరుగు నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, పాల్వంచ తహశీలుదారుగా నుండి భద్రాద్రి రామునికి కోవెల కట్టించి, సర్కారు పైకమునకు లెక్క యడిగిన గోలకొండ ప్రభువు చెఱలో ఏండ్ల తరబడి మ్రగ్గినాడు. ఆయన భక్తిని శంకింపగలవాడు తెలుగునాట లేడు. అంతటి భక్తునికిని లెక్క తప్పలేదు.

ఇక చెల్లింపు సంగతి. అడవి యంచు పల్లెలలో సిగ్నలు అందియందక యుండును. ఖాతానుండి సొమ్ము తఱిగి, వెబ్‌సైటు మాత్రము ఉలుకు పలుకు లేక నిలిచిపోయినప్పుడు దాత పడు ఆందోళన యింతంత కాదు. అట్టివాడు రెండవమాఱు ఆ వైపునకు రాడు. యూపీఐ ద్వారా చెల్లించిన సొమ్ము అవతలివారికి చేరినట్లు నిర్ధారణ కానిచో అయిదు దినములలోగా తిరిగి జమ కావలెననియు, ఆలస్యమైనచో దినమునకు నూఱు రూపాయల చొప్పున పరిహారమీయవలెననియు రిజర్వుబ్యాంకు 2019లోనే నిర్దేశించినది. ఈ యొక్క విషయమును తెలుగున, ఆ నిలిచిపోయిన పుటమీదనే, సంస్థవారి ఫోను నంబరుతోకూడ వ్రాయుటకు ఏ నిపుణుడును అక్కఱలేదు.

పన్ను మినహాయింపును గూర్చియు నిజము పలుకవలెను. వెబ్‌సైటులలో ఆ మినహాయింపునిచ్చు 80జీ సెక్షను పేరు పెద్ద అక్షరములలో మెఱయును గాని, 2023–24 నుండి వేఱుగా కోరుకొననివారికెల్ల వర్తించు కొత్త పన్ను విధానమున ఆ మినహాయింపు లేదనియు, పాత విధానమునందైనను రెండువేలు మించిన నగదు విరాళమునకు అది చెల్లదనియు చెప్పు వాక్యము కానరాదు. ప్రవాసుల విషయమున చిక్కు ఇంకను సున్నితమైనది. భారత పౌరసత్వము నిలుపుకొన్నవాడు తన సొంత సంపాదననుండి బ్యాంకు ద్వారా పంపినది స్వదేశపు విరాళమే. అమెరికా పౌరుడైన అతని అన్న పంపినది మాత్రము విదేశీ విరాళమగును. దానిని పుచ్చుకొనుటకు సంస్థకు ప్రత్యేకానుమతి యుండవలెను. ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ప్రధానశాఖలో గల ఖాతాకే చేరవలెను. కావున పౌరసత్వమును గూర్చిన ప్రశ్న సొమ్ము పుచ్చుకొనుటకు ముందే, మర్యాదగా, కారణము తెలుపుచు అడుగవలసినది.

బలవంతపు దానమును నేను సహింపజాలను. కొనుగోలుదారుని సమ్మతి లేకయే బిల్లులో విరాళమును చేర్చుటయు, వలదన్నవానిని సిగ్గుపఱచు మాటలు వ్రాయుటయు మోసపు పద్ధతులని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించినది. దుకాణములకే కూడదన్న దానిని ధర్మసంస్థ చేయవచ్చునా? మొదటి బటనుమీద వేయి రూపాయలని వ్రాసి, తక్కువ యిచ్చువానిని “ఇతరము” అను మూలకు నెట్టుటయు నాకు అట్టిదిగానే తోచును. మిరపకోతకు పోవు కూలీ తన దినవేతనమునుండి తీసియిచ్చు ఇరువది రూపాయలకు ఆ పుటలో సముచిత స్థానము, అదే రసీదు, అదే లెక్క యుండవలెను.

క్రొత్త వెబ్‌సైటును ప్రజల ముందుంచుటకు పూర్వము దాని పరీక్ష హైదరాబాదు కార్యాలయములలోని పెద్ద తెరలమీద ముగిసిపోరాదు. బోనకల్లు ప్రాంతపు పల్లెలో, చవక ఫోనున్న స్త్రీ యొకతె, ఎవరి సాయమును లేక, ఇరువది రూపాయలు పంపి చూడవలెను. పంపిన నెలకు ఆమెకు తెలుగున లెక్క అందినదో లేదో సంస్థవారు స్వయముగా పోయి విచారింపవలెను.