మొక్కలు నాటితే పర్దా అయిపోతుందా?

ఈమధ్య ప్రతి బిల్డర్ నోటా ఒకటే మాట: "గ్రీన్ స్క్రీన్". బస్తీ పక్కన అద్దాల మేడ కడతారు, వరసగా మొక్కలు నాటుతారు, మనమీద పెద్ద ఎహసాన్ చేసినట్టు ముఖం పెడతారు. మా మొహల్లా వెనక లేస్తున్న ఏడంతస్తుల కాంప్లెక్స్ వాళ్ళూ ఇదే చెప్పారు. రంగుల నక్షా పరిచారు. మన పెద్దలు ఖుష్ అయిపోయి చాయ్ కూడా తాగించారు. నాకైతే అది సాఫ్ సాఫ్ ఫరేబ్.

ఆ బొమ్మలో చెట్లు మూడో అంతస్తు దాకా ఉన్నాయి. నాటేది నాలుగడుగుల మొక్క. కానుగైనా పొగడైనా ముప్ఫై అడుగులు లేవాలంటే ఏళ్ళు పడుతుంది. కిటికీలు మాత్రం మొదటి రోజే తెరుచుకుంటాయి. అప్పటిదాకా మన ఆడవాళ్ళు డాబా మీద బట్టలు ఆరేయకుండా, తల ఆరబెట్టుకోకుండా సబర్ చేయాలా? పైగా నాలుగో అంతస్తు నుంచి ఏడో అంతస్తు దాకా ఉన్న కిటికీల సంగతి బొమ్మలోనే లేదు.

తొందరగా పెరిగేది ఒకటుంది, కోనోకార్పస్. కువైట్, దుబాయ్ వెళ్ళొచ్చిన మన భాయీలందరికీ ఆ చెట్టు తెలుసు. దాని వేళ్ళు నీటి పైపుల్ని ఎలా పట్టేస్తాయో కూడా తెలుసు. తెలంగాణలో హరితహారంలో ఊరూరా నాటి, తర్వాత సర్కారే ఆపేసింది. గుజరాత్ 2023లో నిషేధించింది. డ్రైనేజీ పగిలితే నుక్సాన్ ఎవరికి? గోడకి ఇవతల ఉన్నవాళ్ళకే.

అసలు ఆ పచ్చదనం వాళ్ళ మెహర్బానీ కాదు. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం ఎత్తైన భవనం చుట్టూ రెండు మీటర్ల పచ్చని పట్టీ ఉండి తీరాలి. అది పెంచకపోతే ఆస్తి పన్ను మీద ఏటా 10 శాతం జుర్మానా. లక్షల కిరాయిలు వసూలు చేసేవాడికి అదో లెక్కా? మా దగ్గరైతే సెల్లార్ గోతి దాదాపు ప్రహరీ దాకా వచ్చింది. స్లాబు మీద జానెడు మట్టి పోస్తే గడ్డి మొలుస్తుంది గానీ, వేప నిలుస్తుందా?

ఇక మోత. నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబుల్స్ దాటకూడదని 2000 నాటి కేంద్ర నిబంధనలు. జనరేటర్ హోరు, సామాన్లు దించే లారీల చప్పుడు ఒక్క వరస ఆకుల సందుల్లోంచి హాయిగా దూరి వస్తాయి. ఆపాలంటే పదుల మీటర్ల మందాన అడవి ఉండాలి, లేదా సందుల్లేని గోడ ఉండాలి. చెట్టు వెనక దాస్తే జనరేటర్ కనబడదంతే, వినబడడం మానదు.

హమ్సాయా హక్కుల మీద ప్రతి జుమ్మా బయాన్‌లో వింటాం కదా. ఉస్మానీ సల్తనత్‌లో 1869 నుంచి 1876 మధ్య హనఫీ ఫిఖహ్ ఆధారంగా రాసిన 'మజల్లా' అనే కానూన్ ఉంది. ఇంటి ఆంగన్, వంటిల్లు, బావి దగ్గర ఆడవాళ్ళు తిరిగే చోటు కొత్త కిటికీలోంచి కనబడితే దాన్ని భారీ నుక్సాన్‌గానే లెక్కగట్టింది. కిటికీ మూసేయమనలేదు. చూపు ఆగేలా గోడో, చెక్క తడికో కట్టే బాధ్యత మాత్రం కిటికీ పెట్టినవాడి మీదే వేసింది. పక్కింటివాడు తన డాబాకి రేకులు కొట్టుకోవాలని ఎక్కడా లేదు. మన దగ్గర మాత్రం అందరూ చేస్తున్నది అదే, సొంత జేబులోంచి!

కాబట్టి అడగాల్సింది మొక్కలు కాదు. మనవైపు కిటికీలకి మనిషి ఎత్తు దాకా మసక అద్దం, బాల్కనీ ఉంటే జాలీ, జనరేటరూ లారీల గేటూ రోడ్డు వైపు. ఇవన్నీ మంజూరైన ప్లానులో గీసి ఉండాలి, నోటిమాటగా కాదు. చెట్లు ఆ తర్వాత, అవీ నిజం మట్టిలో.

ఇంకో మాట. మన కమిటీ మున్సిపాలిటీకి రాసిన దరఖాస్తు చూశాను. ఆడవాళ్ళ పర్దా గురించి రెండు పేజీలు. కింద ఒక్క ఆడమనిషి దస్తఖత్ లేదు. డాబా వాడేది వాళ్ళు, ఏ కిటికీ ఎవరింట్లోకి చూస్తుందో తెలిసిందీ వాళ్ళకే. ముందు ఆ కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళండి, ఖాలాలనీ ఆపాలనీ అడిగి మళ్ళీ రాయండి.