మన్యం భూమితో పల్నాటి రైతుకేం పని?

2025 ఫిబ్రవరిలో మన్యం రెండు రోజులు బంద్ పాటించింది. పర్యాటక పెట్టుబడుల కోసం 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట పైకి రావడమే అందుకు కారణం. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. శావల్యాపురంలో మిరపా పత్తీ వేసుకునే రైతుకు ఈ గొడవతో ఏం పని అని కొందరు అడగవచ్చు. పని ఉంది.

మన పెద్దలు పుల్లరి బాధ అనుభవించినవాళ్లే. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఊరి పక్క అడవి సర్కారుదైపోయింది. గొడ్డు మేయాలంటే పుల్లరి కట్టాలి. 1921లో కట్టబోమని పల్నాడు ఎదురు తిరిగింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. ఆరు నెలలకు, ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు గాం గంటందొర, మల్లుదొర వంటి మన్యం యోధులతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేశాడు. అక్కడ పోడును, ఇక్కడ మేతను అడ్డుకున్నది ఒకే చట్టం. మైదానంలో పుట్టిన మనిషి కొండవాళ్లతో జట్టు కట్టిన ఏడాది అది.

ఆ జట్టు నిలవలేదు. ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుడి భూమి ఇతరులకు పోరాదని 1917లోనే చట్టం ఉన్నా, షావుకార్లు అప్పుల కింద పొలాలు రాయించుకున్నారు. భద్రాచలం వైపు గోదావరి ఒడ్డు నేలల్లోకి పొగాకు ఆసాములు దిగారు. ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారరాదని 1970లో 1/70 శాసించింది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయినా అక్కడి భూమిలో దాదాపు సగం గిరిజనేతరుల చేతుల్లోనే ఉందని 2006లో కోనేరు రంగారావు కమిటీ తేల్చింది.

వలస పోయినవాళ్లంతా భూస్వాములు కారు. పొట్ట చేతబట్టుకుని పోయిన పేదలూ ఉన్నారు. చట్టం మాట ఎత్తినప్పుడల్లా పెద్ద ఆసాములు ఈ పేదల్నే ముందు నిలబెడతారు.

పెద్దోళ్ల వెంట నడిస్తే మనకూ ఇంత దక్కుతుందనే ఆశకు అమెరికా చరిత్ర జవాబు చెబుతుంది. 1814లో క్రీక్ ఆదివాసుల్లో ఒక వర్గం తెల్లవలసదార్ల సేనాని జాక్సన్ పక్షాన నిలిచి సొంత జాతివాళ్లతోనే పోరాడింది. యుద్ధం ముగిశాక చేసుకున్న ఒడంబడికలో సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు పోయాయి. అందులో ఆ మిత్రుల నేల కూడా ఉంది! పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసలకు చోటిచ్చిన సెమినోల్ ఆదివాసులు మాత్రం వాళ్లతో కలిసి 1835 నుంచి ఏడేళ్లు పోరాడారు. వాళ్లలో అనేకుల్ని పడమటికి తరిమేసినా, కొందరు ఫ్లోరిడాలోనే నిలబడ్డారు.

కంపెనీ చూపు కొండమీదే ఆగదు. మన బంజర్ల మీదా, మేత పోరంబోకుల మీదా పడుతుంది. కాబట్టి 1/70 గట్టిగా అమలు కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టాలు రావాలి. వలస వెళ్లిన పేదలకు మైదానంలోనే మిగులు భూమి చూపాలి. ఈ కోర్కెలు ముందు అడగవలసింది పుల్లరి మీద పోరాడిన పల్నాడే.