కరువు ఒక్క ఫొటోలో దొరకదు

ఉదయపు నడకలో ఫొటోలు తీయడాన్ని గురించి చదువుకున్నవారిలో స్థిరపడిపోయిన అభిప్రాయం రెండు మాటలుగా వినిపిస్తుంది. నడక ఆరోగ్యం కోసమే గనుక అడుగడుగునా ఆగి ఫోను ఎత్తేవారికి నడకా దక్కదు, చూపూ దక్కదు అన్నది మొదటి మాట. తీయాలన్నా తీయదగిన చోటంటూ ఉండాలి, నగరాల పార్కుల్లో పూలూ కొలనులూ ఉంటాయి గానీ అనంతపురం జిల్లా నైరుతి కొసన కర్ణాటకను ఆనుకొని ఉన్న కుందుర్పి వంటి మెట్టసీమలో రోజూ తీయడానికి ఏముంది, అక్కడ తీయవలసింది కరువు ఫొటో ఒక్కటే, అందుకు పత్రికల ఫొటోగ్రాఫర్లున్నారు అన్నది రెండో మాట. మొదటిదానిలో కొంత నిజముంది. రెండోది పూర్తిగా తప్పు, అందులోనూ హాని చేసే తప్పు.

మొదటి మాటకు ఆధారంగా తరచుగా చూపేది అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన పరిశోధన. ప్రదర్శనశాలలోని వస్తువులలో ఫొటో తీసినవాటిని వట్టిగా చూసినవాటికంటే తక్కువగా గుర్తుంచుకున్నారని అది తేల్చింది. అయితే వస్తువులోని ఒక భాగాన్ని దగ్గరగా తీసినప్పుడు జ్ఞాపకానికి ఆ లోపం కలగలేదని కూడా అదే పరిశోధన చెప్పిన సంగతిని ఉటంకించేవారు వదిలేస్తుంటారు. ఏది తీయాలో తామే నిర్ణయించుకొని తీసినవారికి కంటితో చూసినది మరింత బాగా, చెవితో విన్నది కొంత తక్కువగా గుర్తుంటాయని 2017లో అలిక్సాండ్రా బరాష్ బృందం చూపింది. అంటే ఫొటో తీసేవారికి తీతువు పిట్ట కూత కొంత తప్పిపోవచ్చు గానీ చూపు తప్పిపోదు. ఇక తెల్లవారకముందే వాట్సాప్‌లో వచ్చిపడే సూర్యోదయాల మీద విసుగే ఈ అభిప్రాయానికి అసలు మూలమైతే, ఆ విసుగు న్యాయమైనదే. కాకపోతే వాటిలో అధిక భాగం ఎవరి నడకలోనూ పుట్టినవి కావు.

రెండో మాట దగ్గర ఎక్కువసేపు నిలవాలి. కరువు ఫొటో అనే ప్రక్రియకు ఈ సీమలో పాత చరిత్రే ఉంది. ధాత కరువుగా తెలుగువారు గుర్తుంచుకున్న 1876–78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిలో బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలను ఘోరంగా దెబ్బతీసింది. అప్పటికి అనంతపురం బళ్లారిలో భాగమే, వేరు జిల్లా అయింది 1882లో. ఆ క్షామకాలంలో మద్రాసు సైన్యాధికారి విలబీ వాలెస్ హూపర్ ఎముకలు తేలిన మనుషులను వరసగా కూర్చోబెట్టి తీసిన చిత్రాలు క్షామానికి ప్రపంచం ఎరిగిన రూపమయ్యాయి, ఆకలిగొన్నవారిని బొమ్మ కోసం అమర్చాడన్న విమర్శకూ గురయ్యాయి. (ఇతడే తరవాత బర్మాలో మరణశిక్ష అమలయ్యే క్షణాన్ని ఫొటోలో పట్టబోయి 1886లో విచారణను ఎదుర్కొన్నాడు.) కాలక్రమాన ఆ మనుషుల చోటుకు పగుళ్లిచ్చిన నేల వచ్చింది. ఆ నేల మీద గొంతుక్కూర్చొని ఆకాశం వైపు చూసే రైతు కూడా తోడైతే నేటి పత్రికలకు కరువు ఫొటో సిద్ధమైనట్టే.

చిక్కేమిటంటే, ఆ పగుళ్లు అనంతపురం కరువువి కావు. నల్లరేగడిలో తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే బంకమట్టి ఖనిజాలు ఎక్కువగా ఉంటాయి గనుక వానలు బాగా కురిసిన ఏడాదిలోనూ వేసవి నాటికి ఆ నేల నెర్రెలు విచ్చుతుంది. చెరువు గర్భంలోని ఒండ్రు తీరూ అదే. అక్కడ నెర్రె కనిపించిందంటే ఆ మధ్యనే నీరు నిలిచిందని అర్థం. జిల్లాలో అధిక భాగం మాత్రం గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన ఎర్రనేల, ఇసుక పాలు ఎక్కువగా, లోతు తక్కువగా ఉండి, ఎండినప్పుడు పగలకుండా పైన గట్టి పెచ్చు కట్టే నేల. కరువుకు గుర్తుగా దేశమంతా అచ్చయ్యే బొమ్మ, దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటైన ఈ జిల్లాలోని చాలా చేలల్లో వెదికినా దొరకదు.

ఇక్కడి కరువు నేల రూపంలో కాక తేదీల వరసలో ఉంటుంది. నైరుతి ఋతుపవనాల తేమను పడమటి కనుమలు ముందే రాల్చుకుంటాయి గనుక ఈ పీఠభూమి వర్షచ్ఛాయలో, అంటే కొండల చాటున వాన అందని భాగంలో, ఉండిపోయింది. ఈశాన్య ఋతుపవనాలు కోస్తా నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అయితే ఆ మొత్తంకంటే పదును, అంటే విత్తడానికి చాలినంత తేమ, ఏ కార్తెలో దొరికింది, ఆ తరవాత బెట్ట, అంటే వానకూ వానకూ మధ్య ఎండు ఎడం, ఎన్ని రోజులు సాగింది అన్నవే పంటను నిర్ణయిస్తాయి. వేరుశనగ పువ్వు ఫలదీకరణ చెందాక దాని అడుగు నుంచి పుట్టి నేలలోకి దిగే కాడను ఊడ అంటారు. విత్తిన సుమారు నెలా పది రోజులకు ఊడలు దిగే వేళ బెట్ట పడితే, పెచ్చు కట్టిన ఎర్రమట్టిలోకి ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. ఆపైన ఒక వాన పడితే తీగ మళ్లీ తేరుకొని పచ్చబడుతుంది. అప్పుడు కారులో వచ్చిన ఫొటోగ్రాఫరుకు కనిపించేది పచ్చని చేను, రైతుకు మిగిలేది పశువుల మేతకు తప్ప పనికిరాని కట్టె. అదే చేనును జూలై నుంచి అక్టోబరు దాకా రోజూ ఒకే గట్టు మీద నిలబడి తీసిన ఫొటోల వరసలో మాత్రం ఆకు ముడుచుకున్న రోజులూ, అవి ఎన్నాళ్లు కొనసాగాయన్నదీ, వాన వచ్చిన తేదీ వద్ద తీగ రంగు మారడమూ వరసగా నమోదవుతాయి. అలా రోజూ ఒకే దారిన వెళ్లి ఒకే చోట ఆగే మనిషి ఉదయం నడిచేవాడే, వేతనం తీసుకొని పనిచేసే ఏ ఫొటోగ్రాఫరుకూ అది సాధ్యం కాదు.

ఒక్కనాటి చూపుతో తీర్పు చెప్పే ఈ లోపం నుంచి ప్రభుత్వ విధానమూ పూర్తిగా బయటపడలేదు. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో వెలువరించిన కరువు నిర్వహణ నియమావళి వర్షపాతపు లోటుతో పాటు బెట్ట కాలాన్నీ, నేల తేమనూ, ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కించే పచ్చదనపు సూచికనూ పరిగణించి, ఆపైన కొన్ని గ్రామాలలో క్షేత్ర పరిశీలన జరపాలంటుంది. పచ్చదనపు సూచికకు ఆకు కనిపిస్తుంది, కాయ కనిపించదు. క్షేత్ర పరిశీలనకు వచ్చే అధికారి చూసేది వచ్చిన నాటి చేనునే. నేల మీద నిలబడి తీసిన చిత్రాల వరసకు విలువ ఉంటుందని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ హర్యానా, పంజాబు గోధుమ రైతులతో చేసిన ప్రయోగం ఇప్పటికే చూపింది: ఒకే చోటు నుంచి ఒకే మడిని విత్తు నుంచి కోత దాకా రైతుల చేతనే ఫోనుతో పదేపదే తీయించి, ఆ చిత్రాలను బట్టి బీమా కోసం పంట నష్టాన్ని అంచనా కట్టే వీలు ఎంతవరకు ఉందో ఆ సంస్థ పరీక్షించింది.

ఒకే చోట, ఒకే దిక్కుగా, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీసే ఈ పద్ధతి శాస్త్రంలో కొత్తదేమీ కాదు. జేమ్స్ రాడ్నీ హేస్టింగ్స్, రేమండ్ టర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆరిజోనా, సొనోరా ఎడారి ప్రాంతాలలో పాత ఫొటోలు తీసిన చోట్లనే నిలబడి తిరిగి తీసి, చెట్టూ పొదా ఎలా మారాయో 1965లో ‘ది చేంజింగ్ మైల్’ అనే గ్రంథంలో చూపారు. కుందుర్పికి మరింత దగ్గరి పోలిక కెన్యాలోని మచాకోస్. ఆ మెట్టసీమ ఎడారిగా మారిపోతున్నదని వలస పాలకులు తీర్మానించిన కాలంలో, 1937లో, తీసిన చిత్రాలను అర్ధ శతాబ్దం దాటాక అవే చోట్ల తీసిన చిత్రాల పక్కన పెట్టి చూసిన మేరీ టిఫెన్ బృందం, జనాభా ఎన్నో రెట్లు పెరిగినా కోతపడిన వాలుల మీద మెట్లచేలూ చెట్లూ వచ్చాయని 1994లో ప్రకటించింది. నాశనమైపోయిందన్న తీర్పును తలకిందులు చేసిన ఆధారాలలో అందమేమీ లేని కొన్ని పాత ఫొటోలూ ఉన్నాయి.

ఇది కళ కాదు, గుమాస్తా పని అని ఎవరైనా అంటే కాదనవలసిన పని లేదు. అయినా పొద్దుటి వెలుతురు వాలుగా పడి చాళ్లనూ, గట్లనూ, వాగు కోసిన గండ్లనూ నీడలతో విడదీసి చూపుతుంది గనుక, మిట్టమధ్యాహ్నం వచ్చి వెళ్లే నిపుణుడి చిత్రంకంటే ఈ గుమాస్తా చిత్రంలో నేల వివరంగా కనిపిస్తుందన్నది నిజం. అభ్యంతరం చెప్పవలసినది మరొక చోట ఉంది. వేకువన బయటికి వచ్చిన ఆడవాళ్లనూ, కూలికి పోయేవాళ్లనూ అడగకుండా తీయడం హూపర్ చేసిన పనికి చిన్న రూపమే. ఈ పద్ధతికి మనుషుల ముఖాలతో అవసరమే లేదు. ఇక, కుందుర్పి వైపు కొండల్లో ఎలుగుబంట్లున్నాయి గనుక మసక వెలుతురులో కొండ వారకు వెళ్లే సాహసం ఫొటో పేరున చేయకూడదు.

కుందుర్పి వంటి మండల కేంద్రాలలో హైస్కూలు మైదానమో, చెరువు కట్టో, ఊరి బయటి రోడ్డో నడిచేవారికి పార్కు. కుందుర్పిలో కోట ఉన్న కొండా, దాని వాలు మీది గుండ్లూ కదలవు గనుక వాటిని ఫ్రేములో ఒక మూల ఉంచితే ఎవరు తీసినా ఒకే చోటు నుంచి తీసినట్టు సరిపోల్చుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలో దాగి ఉండే తేదీ, స్థలం వివరాలు తొలగిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. ఉదయం నడిచే ఉపాధ్యాయులూ, విశ్రాంత ఉద్యోగులూ ఈ ముంగారు తొలి పదును వాన నాటి నుంచే ఒక చేనునో, ఒక వేపచెట్టునో, చెరువు అలుగునో ఎంచుకొని తీయడం ప్రారంభించి, ఏడాదికొకసారి ఆ ఫొటోలను తేదీ, దిక్కు, విత్తిన పంట పేరుతో సహా స్థానిక హైస్కూలుకూ పంచాయతీకీ అందజేయాలి.