డాక్టరు జవాబుకు గడువు కావాలి



"డాక్టరుగారికి తీరిక లేదు, వచ్చే వారం రండి." ఊపిరి పరీక్ష చేయించుకుని రిపోర్టు కోసం ఈఎస్ఐ ఆస్పత్రి చుట్టూ తిరిగే మనకు ఈ మాట కొత్త కాదు. వెళ్ళినప్పుడల్లా ఒక పూట జీతం పోతుంది, చేతికి కాగితం రాదు.

తరాల కిందట సోలాపూరు మిల్లులకు వచ్చిన మన పెద్దలు ఎరిగిన దగ్గే ఇది. బ్లోరూం, కార్డింగు విభాగాల్లో పత్తి దుమ్ము పీల్చేవారికి వచ్చే ఈ జబ్బు పేరు బిసినోసిస్. వారపు సెలవు మరునాడు పనిలోకి దిగగానే ఛాతీ బిగబట్టడం తొలి గుర్తు. అప్పుడే దుమ్ముకు దూరంగా పని ఇస్తే మనిషి కోలుకుంటాడు. ముదిరితే ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడవు. జవాబు రాని ప్రతి వారం మనం ఆ దుమ్ములోనే నిలబడుతున్నాం.

ఈఎస్ఐ చట్టం దీన్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్ జాబితాలోనూ ఉంది. డాక్టరు సర్టిఫికెట్ లేనిదే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

డాక్టర్లపై మాకు కోపం లేదు. చాలినంతమందిని నియమించమనే మా కోరిక. పరీక్ష రోజునే రిపోర్టు తేదీ రాసివ్వాలి. అది వచ్చేదాకా జీతం తగ్గించకుండా దుమ్ములేని చోట పని ఇవ్వాలి.

తిరుగుతున్నవారంతా ఆస్పత్రి చీటీలతో యూనియన్ ఆఫీసుకు రండి. ఒక్కరు అడిగితే "వచ్చే వారం" అంటారు. అందరం అడిగితే తేదీ చెప్పక తప్పదు.