యంత్రం ఊహిస్తుంది, ప్రయోగం తేలుస్తుంది

పప్పులో, గుడ్డులో, పాలలో మాంసకృత్తులు ఉంటాయని మీరు చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. వాటినే ప్రోటీన్లు అంటాం. అవి తిండిలోని పోషకాలు మాత్రమే కావు. మీ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ ఒక ప్రోటీన్. అన్నం నమిలేటప్పుడు లాలాజలంలో ఉండి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైమూ ప్రోటీనే.

20 రకాల అమైనో ఆమ్లాలను పూసల్లా వరుసగా గుచ్చిన దండను ఊహించుకోండి. అదే ప్రోటీన్. ఆ దండ తిన్నగా ఉండిపోదు. మెలికలు తిరిగి, మడతలు పడి, తనదైన ఒక ఆకారానికి వస్తుంది. ఆ ఆకారాన్ని బట్టే అది చేసే పని. తాళంచెవి పళ్లు ఎలా ఉంటే అది ఆ తాళాన్నే తీస్తుంది కదా!

మరి ఆ ఆకారాన్ని కనుక్కోవడం ఎలా? మాక్స్ పెరుట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1937లో హీమోగ్లోబిన్ స్ఫటికాలపై పని మొదలుపెట్టారు. వాటిలోకి ఎక్స్ కిరణాలు పంపి, ఫిల్ము మీద పడిన చుక్కలను కొలిచి, లెక్కలు కట్టి, ఆకారం తేల్చేసరికి 1959 వచ్చింది. ఒక్క ప్రోటీనుకు 22 ఏళ్లు!

ఇప్పుడు సంగతి చూడండి. 1994 నుంచి రెండేళ్లకొకసారి శాస్త్రజ్ఞులు ఒక పోటీ జరుపుతున్నారు. ప్రయోగాలతో తేల్చి, ఇంకా బయటపెట్టని ఆకారాలను ఊహించి చెప్పాలి. చేతికి ఇచ్చేది అమైనో ఆమ్లాల వరుస ఒక్కటే. 2020 పోటీలో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ చాలా ప్రోటీన్ల విషయంలో ప్రయోగ ఫలితాలకు దాదాపు సరిపోయే జవాబులు చెప్పింది. దీన్ని తయారుచేసింది లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఊహాచిత్రాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. ఈ కృషికి డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది.

"అయితే ఇక ప్రయోగశాలలెందుకు మాస్టారూ?" అని మా తరగతి పిల్లలు అడుగుతున్నారు. మీకూ ఆ అనుమానం రావచ్చు. నా మాట ఇది: ప్రయోగం అవసరం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

మొదట, ఆ యంత్రానికి పాఠం చెప్పింది ఎవరో ఆలోచించండి. 1971లో కేవలం 7 ఆకారాలతో ప్రోటీన్ల భాండాగారం ఒకటి మొదలైంది. తరువాత దేశదేశాల శాస్త్రజ్ఞులు తాము తేల్చిన ప్రతి ఆకారాన్నీ అందులో చేర్చారు. ఎవరైనా వాడుకోవచ్చు. ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నది అలా పోగైన సుమారు 1,70,000 ఆకారాల నుంచే. ఎవరి నోటుబుక్కు వారు దాచుకుని ఉంటే యంత్రానికి నేర్చుకోవడానికి ఏముండేది?

ఇక రెండో సంగతి. యంత్రం చెప్పేది ఊహ. ఆ మాట అదే ఒప్పుకుంటుంది. తన చిత్రంలోని ప్రతి భాగానికీ ఎంత నమ్మకమో నూటికి ఇన్ని అని మార్కులు వేసుకుంటుంది. 50 కన్నా తక్కువ వస్తే ఆ భాగాన్ని నమ్మరాదు. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ తన సహచరులతో కలిసి, ప్రోటీన్ దండ ఏ కోణాలలో వంగగలదో, ఏ కోణాలలో వంగలేదో లెక్కకట్టి పటం గీశారు. ప్రయోగంతో తేలిన ఆకారాలనూ, యంత్రం ఊహించిన ఆకారాలనూ ఈనాటికీ ఆ పటంతో సరిచూస్తారు.

కోణాలు సరిపోయినంత మాత్రాన కథ ముగియదు. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలోనూ కనిపించే సికిల్‌సెల్ వ్యాధిని తీసుకోండి. హీమోగ్లోబిన్‌లోని ఒక రకం దండలో ఆరో పూస మారితే చాలు, ఆక్సిజన్‌ను వదిలిన అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీలవుతాయి. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. ఆ ఒక్క పూస మార్పును 1957లో వెర్నాన్ ఇంగ్రామ్ ప్రయోగం చేసే తేల్చారు. పూస మారితే ఏమవుతుందో చెప్పేందుకు ఆల్ఫాఫోల్డ్‌కు తర్ఫీదు ఇవ్వలేదు. కేవలం దాని చిత్రాన్ని నమ్మి రోగికి మందు ఇవ్వగలమా?

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. ఇక్కడ అలా కుదరదు. ఒక ప్రోటీన్ విషయంలో ఊహ నిజమైందని పక్కదాని విషయంలోనూ నిజమవుతుందని చెప్పలేం. దేని మీద ఆధారపడి మందు తయారుచేస్తామో దానిని పరీక్షించి తీరాలి.

లెక్కల పుస్తకం చివర జవాబులుంటాయి. లెక్క చేసి సరిచూసుకునేవాడికి అవి మేలు చేస్తాయి. ముందే చూసి రాసుకునేవాడికి లెక్క ఎప్పటికీ రాదు. ఈ యంత్రాన్నీ అలాగే వాడుకోండి. వెతకవలసిన చోటు అది చూపిస్తుంది. అక్కడికి వెళ్లి, "నిజమేనా?" అని అడిగి, కొలిచి చూడవలసినవారు మీరే. ఈసారి ప్రయోగాల పీరియడులో పరీక్షనాళిక పట్టుకున్నప్పుడు గైడులో ఉన్న ఫలితం కాదు, మీ కంటికి కనిపించిన రంగునే రికార్డులో రాయండి.