చూపు వెనుక మూగజీవాలు

కంట్లో సున్నం పడితే ప్రమాదమని మన ఇళ్లలో అందరికీ తెలుసు. అయినా కిళ్లీలోకి, ఖైనీలోకి వాడే సున్నం ప్యాకెట్ మాత్రం పిల్లలకు అందేచోటే పడి ఉంటుంది. వాళ్లు దాన్ని ఆటగా గట్టిగా నొక్కుతారు. ప్యాకెట్ పగిలి సున్నం నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. మన దేశంలో చిన్నపిల్లల కళ్లకు జరిగే రసాయన గాయాలకు ఇదొక ముఖ్య కారణం.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే భాగాన్ని కార్నియా అంటారు. దాని పైపొర నిత్యం రాలిపోతూ, మళ్లీ పుడుతూ ఉంటుంది. ఆ కొత్త కణాలను అందించే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నటి అంచులో ఉంటాయి. ఈ అంచు పేరే లింబస్. సున్నం లాంటి క్షారం దాన్ని కాల్చేస్తే కొత్త కణాల రాక ఆగిపోతుంది. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది, చూపు మసకబారుతుంది. నేత్రదానంలో వచ్చిన కార్నియాను పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మామూలుగా అతికించేది కార్నియా మధ్యభాగం. అందులో ఈ మూలకణాలు ఉండవు. నారుమడి ఎండిపోయాక పొలాన్ని ఎంత దున్నినా ఏం లాభం?

ఈ రహస్యాన్ని మనకు తెలియజెప్పినవి చాలావరకు మూగజీవాలే. కంటి అంచులోని రంగు కణాలు కార్నియా మధ్యకు పాకడాన్ని డవాంగర్, ఎవెన్‌సెన్ అనే పరిశోధకులు గినీపిగ్‌లలో గమనించి 1971లో వెల్లడించారు. నెమ్మదిగా విభజన చెందే కణాలు లింబస్‌లోనే ఉన్నాయని 1989లో ఎలుకల కళ్లు చూపించాయి. ఆపైన కుందేళ్ల వంతు వచ్చింది. వాటికి మత్తు ఇచ్చి కంటి అంచును కోసి తీసేస్తారు, లేదా క్షారంతో కాలుస్తారు. అలా జబ్బును తెప్పించి, దానిమీద కొత్త చికిత్సను పరీక్షిస్తారు. తెల్లగుడ్డు పొర ముక్క కంటే లింబస్ ముక్కను అతికించిన కుందేళ్ల కళ్లే బాగా కోలుకున్నాయని 1990లో తేలింది.

ఆ బాటలోనే 1997లో ఇటలీ పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన లింబల్ కణాలను ఇద్దరు రోగుల కళ్లకు అతికించారు. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2012లో ‘స్లెట్’ అనే తేలికైన పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేశారు. మంచి కంటి అంచునుంచి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని మరింత చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిమీద ఉమ్మనీటి సంచి పొర పరిచి దానిమీద అతికిస్తారు. కణాలను పెంచే ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. సామాన్య కుటుంబాలకు ఇది ఎంత ఊరటో వేరే చెప్పాలా?

అయితే రెండు కళ్లూ కాలిపోతే ముక్క తీయడానికి మంచి కన్ను ఉండదు. బంధువుల కణాలు తెచ్చుకుంటే శరీరం వాటిని తిరస్కరించకుండా మందులు వాడాల్సి వస్తుంది. అందుకే పరిశోధన ఇంకా అవసరం. కానీ కుందేలు కన్ను మనిషి కన్ను కాదు. మన లింబస్‌లో మూలకణాలు దాక్కునే ప్రత్యేకమైన మడతలు ఎలుకల్లో, కుందేళ్లలో మనకున్నట్టు ఉండవు. ఆరోగ్యంగా ఉన్న జంతువుకు నిన్న చేసిన గాయం, ఏళ్ల తరబడి మచ్చకట్టిన మనిషి కంటికి సాటి రాదు. అక్కడ నెగ్గిన చికిత్స ఇక్కడా నెగ్గుతుందన్న హామీ లేదు.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రయోగాలను నియంత్రిస్తోంది. సౌందర్య సాధనాల కోసం జంతువులపై పరీక్షలను 2014లో నిషేధించారు. కొత్త మందుల పరీక్షల్లో జంతువులకు బదులు ఇతర పద్ధతులను అనుమతిస్తూ 2023లో నిబంధనలను సవరించారు. ఇది సరైన దారి. వేరే మార్గం లేనప్పుడే జంతువును వాడాలి. నొప్పి తెలియకుండా చూడాలి, రెండో కంటిని ముట్టకూడదు. విఫలమైన ప్రయోగాలనూ బయటపెట్టాలి. లేకపోతే అదే ప్రశ్నకోసం మరో చోట మరికొన్ని కుందేళ్లు బలవుతాయి.

ఇక మన వంతు. సున్నం, టాయిలెట్ క్లీనర్లు పిల్లలకు అందనిచోట ఉంచండి. పొరపాటున కంట్లో పడితే నలపకండి. నిమ్మరసం, నెయ్యి, చనుబాలు ఏవీ వేయకండి. వెంటనే కుళాయి కింద కనురెప్పలు తెరిచిపెట్టి, శుభ్రమైన నీటితో కనీసం 15 నుంచి 30 నిమిషాలు కడగండి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందు కడగాలి, తర్వాతే ప్రయాణం. మూలకణాలు బతికేదీ పోయేదీ చాలాసార్లు ఆ మొదటి నిమిషాల్లోనే తేలిపోతుంది.